బాధ్యత చేతికొస్తేనే ఎదుగుదల: తండా యువజన సంఘంలో ఒక అమ్మాయి

ముందు వరుసలో కూర్చున్న మా హాస్టల్ పిల్లలారా, వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లారా, ఈ రోజు మేము చెప్పే మాటలు ముఖ్యంగా మీకే.

మన సాంస్కృతిక సంఘం వారు ఈసారి యువజన సంఘాల గురించి, వాటిలో పిల్లలు ఎలా ఎదుగుతారో మాట్లాడమన్నారు. మేము టీచర్ ట్రైనింగ్ చేసి, ఆ తర్వాత గిరిజన సంక్షేమ హాస్టల్‌కు వార్డెన్‌గా వచ్చినవాళ్లం. మాచర్ల, గురజాల, వినుకొండ వైపు పిల్లల మధ్యనే మా ఉద్యోగం గడిచింది. ట్రైనింగ్‌లో కౌమార దశ గురించి చాలా పాఠాలు చదివాం, పరీక్షలు రాశాం. కానీ పద్నాలుగేళ్ల పిల్ల మన కళ్ల ముందు ఎలా ఎదుగుతుందో చూసింది మాత్రం ఒక తండా యువజన సంఘంలో. అక్కడ మాకు అర్థమైన సంగతి ఒక్కటే. పిల్లలు ఉపన్యాసాలు విని ఎదగరు. పని చేతికొస్తే ఎదుగుతారు. అది ఉత్తుత్తి పని కాకూడదు. చేయకపోతే నలుగురికి ఇబ్బంది కలగాలి, చేస్తే "ఇది ఫలానావాళ్ల అమ్మాయి చేసింది" అని నలుగురూ చెప్పుకోవాలి. అలాంటి పని కావాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో 1902లో ఒహాయో రాష్ట్రంలో ఎ.బి. గ్రాహమ్ అనే స్కూళ్ల సూపరింటెండెంటు పల్లెటూరి పిల్లలను కూడగట్టి ఒక క్లబ్బు పెట్టాడు. అలాంటి క్లబ్బులే తర్వాత 4-హెచ్ పేరుతో ఆ దేశమంతా పాకాయి. బుర్ర, గుండె, చేతులు, ఆరోగ్యం. ఈ నాలుగు మాటలూ ఇంగ్లిష్‌లో హెచ్ అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఆ పేరు. 1910లో సౌత్ కరొలినాలో మేరీ క్రోమర్ అనే టీచరమ్మ ఆడపిల్లల కోసం టమాటా క్లబ్బు మొదలుపెట్టింది. ఒక్కో అమ్మాయికి ఎకరంలో పదో వంతు నేల. మన లెక్కలో పది సెంట్లు. ఆ పది సెంట్లలో టమాటా పండించాలి, డబ్బాల్లో నిల్వ చేయాలి, అమ్మాలి, ఖర్చు ఎంత, మిగులు ఎంత అని లెక్క రాయాలి. ఆడపిల్లకు సొంత డబ్బు, సొంత లెక్క ఉండటం ఆ రోజుల్లో అక్కడ కూడా పెద్ద మాటే.

మన దేశంలో 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు పల్లెల్లో యువజన సంఘాలు, మహిళా మండళ్లు పెట్టించారు. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. వాటి ద్వారానే మన వైపు చాలా ఊళ్లలో యువజన సంఘాలకు బోర్డులు లేచాయి. 2023 అక్టోబర్ 31న మేరా యువ భారత్ మొదలైంది. 15 ఏళ్ల నుంచి 29 ఏళ్ల వాళ్లు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు.

అంత దూరం ఎందుకు, మన ఉమ్మడి గుంటూరు జిల్లానే చూడండి. పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు, ఆయనతో ఉన్నవాళ్లు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ వెంబడి ఊరూరికీ పడవ వెళ్లేది, జనం పుస్తకాలు తీసుకునేవాళ్లు, మళ్లీ పడవ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేవాళ్లు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ దాని వెనక ఉన్న పని ఏమిటి? ఎవరికి ఏ పుస్తకం ఇచ్చామో రాసుకోవడం, చెప్పిన రోజుకు చెప్పిన రేవుకు చేరడం. రోజూ చేయాల్సిన చిన్న పనే. ఆ చిన్న పని తప్పకుండా చేసినందుకే తొంభై ఏళ్ల తర్వాత కూడా మనం చెప్పుకుంటున్నాం.

ఇంకా దగ్గరికి వద్దాం. మన తీజ్ పండుగ. శ్రావణంలో పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు, చుట్టూ తిరిగి పాడతారు. మొలకలు ఏపుగా వస్తే తండా అంతా సంతోషిస్తుంది. ఆ తొమ్మిది రోజులూ ఆ బుట్టల బాధ్యత అమ్మాయిలదే. ఎవరూ వాళ్లకు ఉపన్యాసం ఇవ్వరు. నీళ్లు పోయడం మరిచిపోతే మొలక వాడిపోతుంది, అంతే. పిల్లలకు బాధ్యత అప్పగించడం మన పెద్దలకు తెలియని విద్య కాదని చెప్పడానికే ఈ మాట. తొమ్మిది రోజులు మనం చేసేదాన్ని సంవత్సరం పొడవునా చేస్తే అదే యువజన సంఘం.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చెబుతాం. పేరు చెప్పం, తండా పేరూ చెప్పం. బొల్లాపల్లి వైపు అమ్మాయి అనుకోండి చాలు. ఆమెను అడిగి, ఆమె సరే అన్న తర్వాతే ఇక్కడ చెబుతున్నాం.

ఎనిమిదో తరగతిలో మా హాస్టల్‌కు వచ్చింది. ఇంట్లో గోర్ బోలీ తప్ప తెలుగు మాట్లాడరు. క్లాసులో పేరు చెప్పమంటే తల వంచుకునేది. అన్నం దగ్గర ఇంకో ముద్ద కావాలన్నా అడిగేది కాదు, పక్క పిల్ల చేత అడిగించేది. చదువు రాక కాదు. తెలుగులో తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. ఇక్కడ కూర్చున్న మీలో చాలామందికి ఆ భయం ఎలా ఉంటుందో తెలుసు.

ఆ ఏడు వాళ్ల తండాలో ఇంటర్, డిగ్రీ చదివే నలుగురు పిల్లలు కలిసి సంఘం పెట్టారు. తండా పక్కనే యానాది కాలనీ ఉంది. వాళ్లనూ పిలిచారు. నెలకొకసారి, రెండో శనివారం సాయంత్రం, హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఇళ్లకు వచ్చే రోజు చూసి మీటింగ్ పెట్టుకున్నారు. మొదటి మీటింగ్‌లోనే ఒక చిక్కు వచ్చింది. కాలనీ పిల్లలు వచ్చి దూరంగా, గోడ పక్కన నిలబడ్డారు. కుర్చీలు ఆరే ఉన్నాయి, అందులో పెద్దవాళ్లు కూర్చున్నారు. అప్పుడు నాయక్ గారే లేచి, కుర్చీలు తీయించి, పెద్ద చాప తెప్పించి పరిపించారు. "బ్రహ్మనాయుడి చాపకూడు మన పల్నాటిదే కదా, చాప మీద అందరూ ఒకటే" అన్నారు. కారంపూడి వీరుల ఉత్సవాలకు వెళ్లినవాళ్లకు చాపకూడు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఆ రోజు నుంచి ఆ సంఘానికి కుర్చీలు లేవు.

ఆ చాప మీద ఈ అమ్మాయికి ఒక పని వచ్చింది. హాజరు రిజిస్టర్ రాయడం. మాట్లాడాల్సిన పని లేదు, రాస్తే చాలని ఇచ్చారు. మొదటి రోజు పదకొండు పేర్లు రాసింది. అందులో రెండు తప్పు రాసింది. ఆ ఇద్దరూ నవ్వారు. ఇంటికి పోయి ఏడ్చిందట. మరుసటి నెల ఒక ఉపాయం చేసింది. "ఎవరి పేరు వాళ్లే రాయండి, నేను హాజరు గుర్తు పెడతాను" అని రిజిస్టర్ చాప మీద తిప్పింది. అప్పుడు తేలింది, ముగ్గురు పెద్ద పిల్లలకు సొంత పేరు రాయడం రాదని. అందులో ఒకడు ముందు నెలలో నవ్వినవాడే.

ఆ అమ్మాయి నవ్వలేదు. రిజిస్టర్ మూసి, "వచ్చే నెలకు రాద్దాం లే అన్నా" అంది. ఆ మాటతోనే సంఘానికి మొదటి పని దొరికింది. సెలవుల్లో రోజూ సాయంత్రం ఒక గంట, ఆ ముగ్గురికీ, కాలనీలో ఇంకో నలుగురికీ అక్షరాలు నేర్పారు. ఎవరూ దానికి బోర్డు పెట్టలేదు. పేరు, ఊరు, సంతకం, బ్యాంకు ఫారం నింపడం. అంతవరకే. సంక్రాంతి తర్వాత జరిగిన మీటింగ్‌లో రిజిస్టర్‌లో అన్ని పేర్లూ ఎవరి చేత్తో వాళ్లు రాసినవే.

తర్వాత పొదుపు మొదలైంది. నెలకు మనిషికి 20 రూపాయలు. స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి కోశాధికారి దగ్గర ఉంచేవాళ్లు. కోశాధికారి ఎవరో కాదు, ఈ అమ్మాయి పిన్ని కొడుకు. అప్పటికి ఆమె తొమ్మిదో తరగతి. మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే మినిట్స్ పుస్తకం కూడా ఆమె చేతికే వచ్చింది. ఒక శనివారం డబ్బా తెరిచి లెక్కపెడితే 140 రూపాయలు తక్కువ. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండిలో పెట్రోలుకు వాడుకున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. వాళ్ల అమ్మ ముందే చెప్పింది: "సొంతవాళ్ల మీద రాతకోతలు పెట్టకు, రేపు శుభకార్యాలకు మొహం ఎలా చూపిస్తాం?"

ఆ అమ్మాయి ఏం రాసిందో మేము ఆ పుస్తకంలో చూశాం. "డబ్బాలో ఉండవలసినది ఇంత. ఉన్నది ఇంత. తక్కువ 140 రూపాయలు. వచ్చే మీటింగ్‌కు సరిచేయాలి." అంతే. తీసింది ఎవరని రాయలేదు. తక్కువ లేదని కూడా రాయలేదు. రాసింది గట్టిగా చదివి వినిపించింది.

పిల్లలారా, ఈ నాలుగు వాక్యాల గురించి కొంచెం ఆలోచించండి. లెక్క దాచడం తేలిక. మనిషిని తిట్టడం ఇంకా తేలిక. రెండూ చేయకుండా నిజం మాత్రం రాసి, నలుగురిలో చదవడం పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా కష్టమైన పని. అది పద్నాలుగేళ్ల పిల్ల చేసింది. అన్న కోపంతో లేచి వెళ్లిపోయాడు. రెండు నెలలు రాలేదు. మూడో నెల వచ్చాడు, 140 రూపాయలు చాప మీద పెట్టాడు, వెనక్కి పోకుండా కూర్చున్నాడు. తనను దొంగ అని ఆ పుస్తకంలో రాయలేదు కాబట్టే రాగలిగానని తర్వాత వాళ్ల అమ్మతో అన్నాడట. అదే మీటింగ్‌లో డబ్బా ఈ అమ్మాయి చేతిలో పెట్టారు. అప్పటి నుంచి తాళం చెవి ఒకరి దగ్గర, డబ్బా ఒకరి దగ్గర. ఆ నియమం కూడా ఆమె చెప్పిందే.

మూడోది మాట్లాడటం. తండాలో చేతిపంపు పాడైంది. ఆడవాళ్లు పొలం బోర్ల దగ్గరికి పోయి నీళ్లు తెచ్చుకుంటున్నారు. అక్టోబర్ 2న గ్రామసభ. సంఘం తరఫున అర్జీ ఎవరు చదవాలి అని వచ్చింది. ఇంటర్ పిల్లలే చదువుతారని అందరూ అనుకున్నారు. "రాసింది ఆమె, చదవాల్సింది కూడా ఆమే" అని నాయక్ గారు అన్నారు. రెండో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయింది. ఎవరో నీళ్ల గ్లాసు ఇచ్చారు. తాగి, మొదటి నుంచి మళ్లీ చదివింది. పంపు వెంటనే బాగుపడలేదు. మూడో అర్జీకి బాగుపడింది. మూడు అర్జీలూ ఆమే చదివింది. మూడోసారి కాగితం చూడకుండా చెప్పింది.

ఆ తర్వాత హాస్టల్‌లో మాకు తేడా తెలిసింది. అన్నం దగ్గర తనకు కావాల్సింది తనే అడగడం మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన చెంచు పిల్లలు మూల కూర్చుంటే వాళ్ల పక్కకు పోయి కూర్చునేది. హాస్టల్ స్టోర్‌లో సరుకుల లెక్క చూసే పిల్లల కమిటీలో పేరు ఇచ్చింది. క్లాసులో మేము చెప్పిన పాఠాలు ఈ పని చేయలేదు. ఆ రిజిస్టర్, ఆ డబ్బా, ఆ అర్జీ చేశాయి.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు పరీక్ష పదో తరగతిలో వచ్చింది. జనవరి నుంచి మన పల్నాడులో మిరప కోతలు. ఇంటిల్లిపాదీ పోతే నాలుగు డబ్బులు వస్తాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన అమ్మాయి తిరిగి హాస్టల్‌కు రాలేదు. కోతలకు తీసుకుపోయారని మేము అనుకున్నాం. కానీ వేరే తండా నుంచి సంబంధం కూడా వచ్చింది. పరీక్షలు అయ్యాక ముహూర్తం అనుకున్నారు. అప్పటికి ఆమెకు పదహారు నిండలేదు.

ఈ సంగతి మాకంటే ముందు సంఘానికి తెలిసింది. మామూలుగా ఆడపిల్ల ఇలాంటివి ఎవరికీ చెప్పదు. ఈమె చెప్పింది. రెండో శనివారం చాప మీద కూర్చుని, రోజూ చదివే లెక్కలన్నీ చదివి, చివర్లో గోర్ బోలీలో తన మాట చెప్పింది. మినిట్స్‌లో రాయలేదు, చెప్పింది.

కొందరు పిల్లలు వెంటనే 1098కి ఫోన్ చేద్దామన్నారు. అది వాళ్ల హక్కు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం 18 నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదు, చేసినవాళ్లు, చేయించినవాళ్లు శిక్షకు గురవుతారు. ఇది మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. అయితే వాళ్లు ముందు ఇంటికి పోయి మాట్లాడాలని, తండ్రి వినకపోతే మరుసటి రోజే ఫోన్ చేయాలని తీర్మానించుకున్నారు. నాయక్ గారిని వెంటబెట్టుకుని ఏడుగురు వెళ్లారు. మాకు కబురు పెట్టారు, మేమూ వెళ్లాం.

తండ్రి చెడ్డవాడు కాదు. ఆయన మాట ఇది: "మేం కోతలకు పోతాం. తెల్లారి పోతే చీకటి పడ్డాక వస్తాం. ఎదిగిన పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెబుతారు? మీరు చెబుతారా, మేడమ్ చెబుతారా?" ఈ ప్రశ్నకు చట్టం పేరు చెబితే సరిపోదు. పల్నాడు తండాల్లో ఎన్నో పెళ్లిళ్ల వెనక ఉన్నది ఈ భయమే. హాస్టల్ ఉంది, పరీక్షలయ్యేదాకా మా దగ్గర ఉంటుందని మేము చెప్పాం. కోతల్లో మీ ఇంటికి ఒక మనిషి తక్కువైతే, ఆదివారాలు మేము వస్తామని సంఘంలోని ఇద్దరు పెద్ద పిల్లలు, డిగ్రీ చదివేవాళ్లు, అన్నారు. అందులో ఒకడు ఆ పెట్రోలు అన్న.

తండ్రి ఇంకా ఏమీ అనలేదు. అప్పుడు అమ్మాయి లోపలికి పోయి టిఫిన్ డబ్బా, పుస్తకం తెచ్చింది. "నాన్నా, తండాలో అందరి డబ్బులూ నా దగ్గరే పెడుతున్నారు. నా చేతికి వచ్చినప్పటి నుంచి ఒక్క రూపాయి పోలేదు. అందరి డబ్బుకు జవాబు చెప్పేదాన్ని, నాకు నేను జవాబు చెప్పుకోలేనా? 18 నిండాక అడుగు, అప్పుడు కూర్చుని మాట్లాడదాం" అంది. గొంతు ఆగలేదు. గ్రామసభలో మూడుసార్లు చదివిన గొంతు అది.

ఆయన ఆ రాత్రికి ఏమీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత అమ్మాయిని బస్సెక్కించి తనే హాస్టల్‌లో దింపి వెళ్లాడు. సంబంధం వాళ్లకు ఏం చెప్పాడో మాకు తెలియదు, అడగలేదు. ఆ ఇద్దరూ మాట ప్రకారం ఆదివారాలు కోతలకు వెళ్లారు. పబ్లిక్ పరీక్షల్లో అమ్మాయికి లెక్కల పేపరు పోయింది. కోతల రోజుల్లో పోయిన పాఠాలు ఎక్కడికి పోతాయి? సప్లిమెంటరీ రాసి పాసైంది. ఇప్పుడు నరసరావుపేటలో ఇంటర్ చదువుతోంది. ఫస్ట్ ర్యాంకు కాదు, పేపర్లో ఫోటో రాలేదు. తన కాళ్ల మీద తను నిలబడింది, అది చాలు.

పెద్ద పేర్లు కావాలంటే మన గిరిజన పిల్లల్లో ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట్లో పుట్టిన మాలావత్ పూర్ణ, సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ అనే కుర్రాడు కూడా అదే బృందంలో ఎక్కాడు. 2022 నాటికి ఏడు ఖండాల్లో ఎత్తయిన ఏడు శిఖరాలనూ పూర్ణ పూర్తి చేసింది. అందరూ ఎవరెస్టు గురించే చెబుతారు. మీరు భువనగిరి గుట్ట గురించి ఆలోచించండి. ఆ పిల్లలు మొదట రాయి ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. కొండ ఎక్కేటప్పుడు తాడు సాయం ఉంటుంది, పక్కవాళ్లు పట్టుకుంటారు, వాళ్లను మనం పట్టుకోవాలి. మన ముడి సరిగ్గా లేకపోతే వాళ్లకు ప్రమాదం. యువజన సంఘంలో జరిగేది కూడా అదే. అందరూ ఎవరెస్టు ఎక్కక్కర్లేదు. కానీ ప్రతి తండాకూ ఒక భువనగిరి గుట్ట కావాలి, పిల్లలు ముడి వేయడం నేర్చుకునే చోటు కావాలి.

ఇక సంఘం పెట్టాలనుకునే పిల్లలకు, మేము చూసినదాన్ని బట్టి కొన్ని మాటలు.

మొదట రిజిస్ట్రేషన్ గురించి పరుగెత్తకండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు, అది మంచిదే. కానీ ముందు ఆరు నెలలు తప్పకుండా మీటింగ్ పెట్టగలరా చూసుకోండి. నెలలో ఒక రోజు పెట్టుకుంటే ఆ రోజు వాన పడినా కలవాలి.

మీటింగ్ చీకటి పడేలోపు అయిపోవాలి. లేకపోతే ఆడపిల్లలు రారు, రానివ్వరు. ఆడపిల్లలు లేని సంఘం సగం సంఘమే. పదవుల్లో సగం వాళ్లకివ్వండి. సహాయ కార్యదర్శి లాంటి పేరుకు పదవులు వద్దు, డబ్బా, పుస్తకం ఇవ్వండి.

ఇంటి భాషలో మాట్లాడనివ్వండి. గోర్ బోలీలోనో, ఎరుకల భాషలోనో చెప్పి, తెలుగులో రాసుకోండి. భాష రాదని నోరు మూయించిన చోట ఎవరూ ఎదగరు.

పని చిన్నది పెట్టుకోండి, నెలలో అయ్యేది. చేతిపంపు దగ్గర బురద తీయడం, ఆధార్ తప్పులున్నవాళ్ల జాబితా రాయడం, కుల ధృవీకరణ పత్రం లేని పిల్లల పేర్లు రాసి సచివాలయానికి తీసుకుపోవడం. అయిపోయాక అయిపోయిందని రిజిస్టర్‌లో రాయండి. కానిది కాలేదని రాయండి.

పని చేతులు మార్చండి. ఏడాదికి ఒకసారి రిజిస్టర్ కొత్తవాళ్లకు ఇవ్వండి. బాగా రాసేవాళ్ల దగ్గరే ఉంచేస్తే వాళ్లు ఎదుగుతారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు.

చివరిది, జాగ్రత్త. మన ఊళ్లలో సంఘాలు ఎలా చచ్చిపోతాయో మీకూ తెలుసు. ఎన్నికలొస్తే వాలీబాల్ నెట్టు, క్రికెట్ కిట్టు ఇస్తారు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీలో పదిమంది ఫోటోలుంటాయి, ఆ పదిమందిలో ఒక్కరు కూడా మీటింగ్‌కు రారు. ఆట ఆడండి, వద్దనం. మా హాస్టల్ పిల్లలు కబడ్డీలో ఎంత గట్టివాళ్లో అందరికీ తెలుసు. కానీ నెట్టు ఇచ్చినవాళ్ల సంఘం అయిపోకూడదు. 20 రూపాయలు వేసుకున్నవాళ్ల సంఘంగా ఉండాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్ల సంఘం మీటింగ్‌కు పోతానంటే పనులు ఆగిపోతాయని అనకండి. అక్కడ లెక్క నేర్చుకున్న పిల్ల రేపు పత్తి కాటా దగ్గర మోసపోదు, మిరపకాయల పట్టీ చదివి చెబుతుంది, బ్యాంకులో మీ తరఫున మాట్లాడుతుంది. ఆ అమ్మాయి తండ్రిని ఇప్పుడు మీరెవరైనా అడిగితే ఈ మాటే చెబుతాడు.

ఆ అమ్మాయి ఇంటర్‌కు వెళ్లేముందు పుస్తకం, డబ్బా అప్పగించింది. ఇప్పుడు రిజిస్టర్ యానాది కాలనీ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడి దగ్గర ఉంది. వాడు ఇంకా గట్టిగా చదవడు, గొణుగుతాడు. అక్షరాలు పెద్దవిగా రాస్తాడు, పేజీకి ఐదు పేర్లే పడుతున్నాయి. పర్లేదు. పుస్తకం అయిపోతే ఇంకోటి కొనుక్కుంటారు, పొదుపు ఉంది.

ఈ సభ అయ్యాక భోజనాలకు వెళ్లేముందు, మీ తండా నుంచో, మీ గూడెం నుంచో, మీ కాలనీ నుంచో వచ్చినవాళ్లు ఎవరెవరున్నారో ఒకసారి చూసుకోండి. ఏడుగురు ఉంటే వచ్చే నెల ఏ రోజు కలుస్తారో ఇక్కడే అనుకోండి. రిజిస్టర్ ఎవరు రాయాలో అనుకునేటప్పుడు, మీలో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లు ఎవరో చూసి, వాళ్లకు ఇవ్వండి.

సెలవు. రామ్ రామ్.